మూటలో వంద గింజలు

తెల్లవారి నాలుగున్నర. చోడవరంలో నేను దిగిన గది కిటికీ ఊచలకి ఆరు గుడ్డ మూటలు వేలాడుతున్నాయి. రాత్రి పడ్డ జల్లుకి వీధి ఇంకా చెమ్మగానే ఉంది. కాంప్లెక్సులో మొదటి బస్సు స్టార్టయిన చప్పుడు వినిపిస్తోంది. దీపం అప్పుడే వెయ్యకండి, ముందు వాసన చూడండి. తడి గుడ్డ వాసన వెనక ఇంకొకటి ఉంది, నానేసిన పెసలకి మొలకలొచ్చిన రోజు వచ్చే పచ్చి వాసన. అదొస్తే లోపల గింజ బతికే ఉంది. పులిసిన కుడితి వాసనొస్తే ఇక మూట విప్పి చూడక్కర్లేదు.

ఇప్పుడు దీపం వేస్తాను. మొదటి మూట విప్పి పాత పేపరు మీద గింజలు పరుస్తాను. పదేసి చొప్పున వేలితో పక్కకి జరుపుతాను. తెల్లటి వేరు, దాని సరసన మొలక, రెండూ ఉంటేనే లెక్క. వేరొచ్చి మొలక రానిదీ, మొలక వంకర తిరిగి ఆగిపోయినదీ లెక్కలోకి రావు. వందకి తొంభై ఒకటి. రెండో మూట ఎనభై తొమ్మిది. మూడోది మళ్లీ తొంభై ఒకటి. వరి విత్తనం నూటికి కనీసం 80, సంకర మొక్కజొన్న కనీసం 90 మొలవాలని ప్రభుత్వం పెట్టిన హద్దు. ప్రయోగశాలలో అయితే నాలుగు వందల గింజలు పెట్టి, వరిని పద్నాలుగు రోజులు చూసి గానీ చివరి మాట చెప్పరు. నా గుడ్డ మూట ఆ పరీక్షకి సాటి రాదు. కానీ ప్రయోగశాల చూసింది గోదాములో ఉన్నప్పటి గింజని. అక్కణ్ణించి అది లారీ ఎక్కింది, మే నెల ఎండలో రేకుల షెడ్డు కింద పడుకుంది, ఎవరో దాన్ని తడి గచ్చు మీద దింపారు. ఆ ప్రయాణం తర్వాత ఎలా ఉందో అడిగేవాళ్లుండాలి కదా. అందుకే పదకొండేళ్లుగా జూన్ వచ్చిందంటే ఏ ఊళ్లో దిగినా నా గది కిటికీ ఇలాగే ఉంటుంది.

అయిదు మూటలు మా కంపెనీ లాట్లవి. ఆరోది చీడికాడ అవతల కొండ దిగువనున్న ఒక పెద్దాయనది. ఇంట్లో దాచుకున్న వడ్లు, లెక్కపెట్టి వంద గింజలు ఇచ్చారు. వాటికివాళ నాలుగో రోజు. వరికి తొలి లెక్క అయిదో రోజున చూడాలి. మూట మీద నీళ్లు చిలకరించి మళ్లీ ఊచకి కడతాను.

పదండి, బజారుకి పోదాం.

ఇచ్ఛాపురం నుంచి తుని దాకా నా ప్రాంతం. పేరుకి రీజనల్ సేల్స్ మేనేజర్‌ని. ఏడాదిలో పదకొండు నెలలు మీటింగులు, డెమో పొలాలు, డీలర్ల బాకీలు, ఇండెంట్లు. ఆ మిగిలిన నెల ఇదే. మృగశిర వెళ్లి ఆరుద్ర వచ్చి రెండ్రోజులైంది. ఈ నెలలో ఒక్కో పట్టణానికీ రెండేసి రోజులు కేటాయించుకుంటాను. చోడవరానికి మాత్రం నాలుగు. చోడవరం, బుచ్చెయ్యపేట, రావికమతం, చీడికాడ, మాడుగుల, అన్ని దారులూ విత్తనం కోసం ఈ వీధిలోకే వస్తాయి.

ఏడింటికే మా డీలరు షావుకారు షట్టరెత్తాడు. సీజను మొదటి బిల్లు స్వయంభూ విఘ్నేశ్వరుడి దగ్గర పెట్టి తెచ్చుకుంటాడు ఏటా, ఆ కాగితం కుంకుమ మరకతో గల్లాపెట్టె అద్దం కింద ఉంది. పాత బిల్లు పుస్తకాల మీద విశాఖపట్నం జిల్లా అని అచ్చు. 2022 ఏప్రిల్‌లో చోడవరం అనకాపల్లి జిల్లాలోకి వచ్చాక కొత్తవి వేయించాడు, ముసలాళ్లు మాత్రం ఇప్పటికీ ఊరి పేరు తర్వాత వైజాగు జిల్లా అనే రాయించుకుంటారు. కొట్లోకి అడుగు పెడితే మూడు వాసనలు కలిసి కొడతాయి. కొత్త గోనె, పురుగుమందు, విత్తనశుద్ధి మందు కలిపిన మొక్కజొన్న. ఆ మొక్కజొన్న గింజలకి ముదురు గులాబీ రంగు పూసి ఉంటుంది, పొరపాటున ఎవరూ తినకుండా. చేత్తో తాకితే సాయంత్రం దాకా వేళ్లకి ఆ రంగు పోదు. నా అరచేతులు చూడండి.

అప్పటికే గడప ముందు పది మంది. అందులో ఒకావిడ, యాభై దాటి ఉంటాయి, కొంగుకి డబ్బు ముడేసుకుని వచ్చింది.

"రెండు సంచులు స్వర్ణ ఇయ్యి బాబూ."

కొట్టు కుర్రాడు సంచి మీద చెయ్యి వేశాడు. నేను ఆగమన్నాను. "అమ్మా, భూమెక్కడ?"

"సెరువు కింద. ఎకరంన్నర."

"చెరువులో నీళ్లున్నాయా?"

ఆవిడ నా మొహం కేసి చూసింది. "ఏటున్నాయి నీళ్లు. రేవులో గేదెలు నిలబడితే మోకాళ్ల దాకా నేవు."

ఇక్కడే మీరు కాసేపు నాతో నిలబడాలి, నా ఉద్యోగమంతా ఈ మాటలోనే ఉంది. స్వర్ణ గొప్ప రకం. మార్టేరు పరిశోధన స్థానం 1982లో ఇచ్చింది. తెలుగు నేల దాటి ఒడిశా, బెంగాల్ పల్లాల దాకా పోయి తూర్పు దేశం కడుపు నింపింది. దాని గురించి చెడ్డ మాట నా నోట రాదు. కానీ దాని పంట కాలం 150 రోజులు. ఈ చెరువు నిండేది ఎప్పుడు? ఆవిడ వేళ్ల మీదే లెక్క పెట్టించాను. ఇప్పుడు ఆకుమడి పోసినా దమ్ముకి నీళ్లు రావాలి కదా. శ్రావణంలో గానీ చెరువు నిండదనుకుంటే ఆకు ముదిరిపోతుంది. ఆకుమడే జులై సగానికి జరుపుకుంటే 150 రోజులంటే డిసెంబరు సగం. అప్పటికి చెరువులో ఏం మిగులుతుంది? గింజ పాలు పోసుకునే వేళకి మడి నెర్రెలిస్తుంది. పోనీ నీళ్లున్నాయే అనుకుందాం, పైరు చేలో ఎక్కువ రోజులు ఉన్నకొద్దీ తుపాను రోజులు ఎక్కువ దాటాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గరే తీరం దాటింది. ఆ రోజు ఇక్కడి చెరకు చాపలా పరుచుకున్న తీరు ఈ వీధిలో ఎవర్ని అడిగినా చెప్తారు.

"ఎమ్‌టీయూ 1121 ఉందమ్మా. నూట పాతిక, నూట ముప్ఫై రోజులు. గాలికి తొందరగా పడిపోదు. ఇరవై రోజులు ముందు కోసుకుంటే అదే తడి మీద పెసలో మినుములో చల్లుకోవచ్చు."

"పక్క మడాయన స్వర్ణ ఏసినాడు కదేటి. పోయినేడు ఎన్ని బత్తాలైనాయో తెలుసా నీకు?"

"ఆయనకి బోరుందా?"

ఆవిడ మాట్లాడలేదు. కొంగు ముడి విప్పుతూ, కట్టుకుంటూ కాసేపు నిలబడింది. వెనకనుంచి ఎవరో, "వొలె, ఆ బాబు సెప్పింది నిజమేనే, ఆడికి బోరుంది" అన్నారు. చివరికి ఒక సంచి 1121, ఒక సంచి స్వర్ణ తీసుకుంది. పల్లంలో స్వర్ణ, మెరకలో 1121 అంది. నేనంతకంటే బలవంతపెట్టలేదు. ఆ మడిని ముప్ఫై ఏళ్లుగా చూస్తున్నది ఆవిడ.

నా దగ్గర కొత్తగా చేరిన కుర్రాళ్లకి మొదట ఇదే చెప్తాను: మనం రోజులు అమ్ముతున్నాం, రైతుకి ఎన్ని రోజులున్నాయో అడక్కుండా సంచి దించకండి. వాళ్లకి డిగ్రీలున్నాయి, రకాల లక్షణాలన్నీ వరసగా అప్పజెప్తారు. రాగోలు స్థానం ఇచ్చిన శ్రీకాకుళం సన్నాలు, బాపట్ల సాంబమసూరి, 1001, 1010, దేనికెన్ని రోజులో, దేనికే తెగులో పుస్తకంలో ఉన్నట్టు చెప్తారు. చెరువులో గేదె మోకాళ్లు తడుస్తున్నాయా అన్నది మాత్రం అడగాలని తోచదు. రెండు సీజన్లు తిరిగితే తోస్తుంది.

బిల్లు రాయించాను. లాట్ నంబరు బిల్లు మీద పడిందో లేదో చూశాను. "అమ్మా, సంచి విప్పేటప్పుడు ట్యాగున్న వైపు కొయ్యకు. కింద వైపు కోసుకో. ట్యాగూ బిల్లూ కలిపి దాచు. గుప్పెడు గింజలు కూడా ఒక సీసాలో వేసి పెట్టు."

"గింజలెందుకు?"

"రేపు ఏదైనా తేడా వస్తే చూపించడానికి."

నిజానికి గింజలు దాచలేదని రైతుని తప్పుపట్టకూడదని సుప్రీంకోర్టే అంది. 2012లో నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసు. మన తెలుగు రైతులు వేసిందే. విత్తన చట్టం ఉన్నంత మాత్రాన రైతు వినియోగదారుల ఫోరానికి వెళ్లకూడదని లేదని, కొన్న విత్తనమంతా చల్లుకునే రైతు పరీక్ష కోసం కొంత మిగుల్చుకుంటాడని ఆశించలేమని ఆ తీర్పులో స్పష్టంగా ఉంది. మా కంపెనీల మీటింగుల్లో ఆ తీర్పుని ఏదో ప్రమాదంలా చెప్పుకునేవారు. నాకు మాత్రం అది చదివిన రోజు భుజం మీద ఎవరో చెయ్యేసినట్టు అనిపించింది. ఎందుకో మధ్యాహ్నం చెప్తాను, ఇప్పుడు బుచ్చెయ్యపేట వెళ్లాలి. ఒక కుర్ర రైతు పొద్దుటినుంచి ఫోనులో వీడియోలు పంపుతున్నాడు. మొక్కజొన్న మొలవలేదట.

బైకు వెనక కూర్చోండి. వడ్డాది రోడ్డు. కుడీ ఎడమా చెరకు, దాని పక్కన మొక్కజొన్న, ఆ వెనక సరుగుడు. నేను ఈ దారిలో మొదట తిరిగిన రోజుల్లో ఇటు చూసినా అటు చూసినా చెరకే. గోవాడ ఫ్యాక్టరీకి వెళ్లే ఎడ్లబళ్లు, ట్రాక్టర్లు దారివ్వక గంటలు గంటలు ఆగిపోయేవాళ్లం. అనకాపల్లిలో చెరకు పరిశోధన స్థానం 1913లోనే పెట్టారంటే ఈ నేలకీ చెరకుకీ ఉన్న చుట్టరికం మీకు తెలుస్తుంది. అప్పట్లో మాలాంటి వాళ్లకి ఇక్కడ పెద్ద పనుండేది కాదు. చెరకుకి ప్యాకెట్ విత్తనం లేదు. పక్క తోటలో బాగున్న గడ నరికి, మూడు కళ్ల ముచ్చెలు కొట్టి పాతుకుంటారు. మొక్క తోట నరికాక ఆ మోళ్లనుంచే కార్శి వస్తుంది. విత్తనం తోటనుంచి తోటకి, చుట్టం నుంచి చుట్టానికి వెళ్లేది. తర్వాత కూలి పెరిగింది, బెల్లం ధర నిలవలేదు, తుమ్మపాల, ఏటికొప్పాక, తాండవ ఫ్యాక్టరీల పొగగొట్టాలు చల్లారాయి. చెరకు తీసేసిన చేలో మూడు నాలుగు నెలల్లో చేతికి డబ్బొచ్చే పంట కావాలి. మొక్కజొన్న వచ్చింది. దాంతోపాటే నాలుగు కిలోల ప్యాకెట్, డీలరు, అప్పు, నేనూ వచ్చాం. నా జీతం ఇక్కడి చెరకు తగ్గడంలోంచి వచ్చిందే. ఈ దారిన వెళ్లినప్పుడల్లా నాకా మాట గుర్తొస్తుంది.

చేను చేరాం. కుర్రాడు గట్టు మీదే ఉన్నాడు, పాతికేళ్లుండవు. అతని తండ్రి కాస్త దూరంగా కొబ్బరిచెట్టు కింద చుట్ట కాల్చుకుంటూ మా కేసి చూడకుండా కూర్చున్నాడు. కుర్రాడి గొంతు వణుకుతోంది. "ఎకరానికి రెండు ప్యాకెట్లు యేసినాం సార్. ఎనిమిది కిలోలు. సూడండి ఎలగుందో. మీ కంపెనీదే."

చెప్పులు విడిచి లోపలికి దిగండి. బూట్లతో చేలోకి దిగితే నేల ఏమీ చెప్పదు. పై సగం బాగానే ఉంది. అరవై సెంటీమీటర్ల సాళ్లు, ఇరవైకి ఒక మొక్క, రెండాకులు. కింది సగంలో సాళ్లు దంతాలూడిన పన్నెలా ఉన్నాయి. మోకాళ్ల మీద కూర్చుని వేలితో తవ్వాను. మొదటి గుంటలో గింజ ఉబ్బి, మెత్తగా, నొక్కితే తెల్లటి పాలు. రెండో గుంటలోనూ అదే. నాలుగో గుంటలో మొలక వచ్చింది, కానీ పైకి రాలేక పామై చుట్టుకుని పసుపుపచ్చగా మిగిలింది. దాని మీద మట్టి పలకలా గట్టిపడి ఉంది.

"వాన ఎప్పుడు పడింది?"

"యేసిన మర్నాడు రాత్రి. కుండపోత."

"నీళ్లు ఎటు నిలబడ్డాయి?"

కుర్రాడు ఏమీ అనలేదు. కొబ్బరిచెట్టు కిందనుంచి తండ్రి, "అటే" అన్నాడు, చుట్టతో కింది సగం చూపిస్తూ.

ఒకే లాట్, ఒకే రోజు వేసింది, పై సగంలో నిండా మొలిచింది. విత్తనం తప్పయితే రెండు చోట్లా ఒకేలా ఉంటుంది. ఈ మాట కుర్రాడికి చెప్పడం తేలిక, నమ్మించడం కష్టం. ఎందుకంటే ఏ కంపెనీ మనిషైనా చేలోకొచ్చి మొదట అనే మాట అదే: వాన తప్పు, నీరు తప్పు, మందు తప్పు, నీ తప్పు. కాబట్టి నేను చెప్పలేదు. ఖాళీ ప్యాకెట్ మీద లాట్ నంబరు చూసి, ఫోను తీసి, ఇదే లాట్ వేసిన ఇంకో ముగ్గురు రైతుల నంబర్లు ఇచ్చాను. "నేను నీ వెంట రాను. నువ్వే వెళ్లి చూసిరా. వాళ్లవీ ఇలాగే ఉంటే సాయంత్రం నేనే అగ్రికల్చర్ ఆఫీసుకి ఫోన్ చేసి నమూనా తీయిస్తాను. బాగుంటే కింది సగంలో ఈ పలక పగిలేలా గొర్రు తిప్పి, ఖాళీల్లో మళ్లీ గింజ పెట్టు. ఆలస్యం చెయ్యకు, పెద్ద మొక్కల నీడలో చిన్న మొక్క ఎదగదు. ఆకుల సుడిలో కత్తెర పురుగు ఉందేమో కూడా పొద్దున్నే చూస్తుండు." ఆ పురుగు మన దేశంలో 2018లో కనిపించింది. అప్పట్నుంచి మొక్కజొన్న రైతుకి తెల్లవారితే చేలోకి పోక తప్పడం లేదు.

తండ్రి లేచి వచ్చాడు. "బాబూ, నాకో మాట సెప్పు. పోయినేడు బాగా పండిన కంకులు దాసినాను. అయి ఎందుకు ఎయ్యకూడదంతారు మీరు? అమ్ముకోడానికే కదేటి?"

అడగాల్సిన ప్రశ్న. జవాబు సూటిగా చెప్పాలి. గట్టు మీద కూర్చుని చెప్పాను: ఈ గింజ రెండు వేరు వేరు మొక్కల బిడ్డ మావా. యాసంగిలో గోదావరి జిల్లాల్లోనో, తెలంగాణలోనో ఆడ సాళ్లు కొన్ని, మగ సాళ్లు కొన్ని పక్కపక్కన వేస్తారు. ఆడ సాళ్లలో మగపూత విచ్చకముందే ఆడకూలీలు సాలు సాలూ తిరిగి తెల్లవారుజామునే పీకేస్తారు. ఒక్క పూత మిగిలినా కల్తీయే. ఆ ఆడ కంకి మీద కాసిందే నీ ప్యాకెట్‌లోది. అందుకే మొదటి ఏడు అన్ని మొక్కలూ ఒకే ఎత్తు, ఒకే ఊపు. వాటి గింజ మళ్లీ వేస్తే ఒకటి తాతని పోలుతుంది, ఒకటి మేనమామని. ఒకటి పొడుగు, ఒకటి గిడస, దిగుబడి దిగిపోతుంది. వరికి ఆ బాధ లేదు, మామూలు రకాలు ఇంట్లో దాచుకుని వేసుకోవచ్చు, కేళీలు ఏరుకుంటే చాలు.

"ఆ మాట వరి అమ్మినోడు ఎప్పుడూ సెప్పనేదు" అన్నాడాయన.

ఇందాక మధ్యాహ్నం చెప్తానన్నది ఇప్పుడు చెప్తాను. దారిలో వేపచెట్టు కింద బడ్డీ ఉంది, చోడి అంబలి తాగుతూ వినండి.

పదకొండేళ్ల కిందట, ఇక్కడికి దూరంగా ఇంకో ఊళ్లో. అక్టోబరు. ఒక రైతు కబురు పెడితే వెళ్లాను. మూడెకరాల మడి. గట్టెక్కి చూసేసరికి నా ఒళ్లు చల్లబడింది. మూడో వంతు చేను ఈనేసి గింజ గట్టిపడుతోంది, మిగతాది ఇంకా పొట్ట మీదే ఉంది. ఒకే సంచిలో రెండు కాలాల విత్తనం. వానని అనడానికి లేదు, నేలని అనడానికి లేదు. నేనే దగ్గరుండి అమ్మించిన లాట్. ముందు ఈనినది కోద్దామంటే పచ్చిది పాడవుతుంది, పచ్చిది పండేదాకా ఆగుదామంటే పండినది రాలిపోతుంది, పక్షులు తింటాయి. ఆయన నా మీద కేకలెయ్యలేదు. ఇంట్లోకి పిలిచి మజ్జిగ ఇప్పించాడు. నేను ఫోనుల మీద ఫోనులు చేసి, పై వాళ్లతో వాదించి, చివరికి తెచ్చిచ్చింది ఏమిటంటే సంచుల ఖరీదు. పంట ఖరీదు కాదు, సంచుల ఖరీదు. ఆయన ఆ నోట్లు లెక్కపెట్టకుండా బల్ల మీద పెట్టి, "ఇది సరే బాబూ, ఏడాది ఎక్కణ్ణించి తెత్తావు?" అన్నాడు.

నాకు జవాబు లేదు. ఇప్పటికీ లేదు. తర్వాతి జూన్‌లో మొదటిసారి గది కిటికీకి గుడ్డ మూటలు కట్టాను. మొలక చూడ్డానికి అది పనికొస్తుంది గానీ కల్తీని పట్టదు, ఆ సంగతి నాకూ తెలుసు. కల్తీని పట్టాలంటే ముందుగానే పొలంలో పెంచి చూడాలి. అందుకని ఆ ఏటినుంచి ప్రతి వరి లాట్‌లోంచి ఒక కిలో అడిగి తీసుకుని, తెలిసిన రైతు బోరు కింద ముందుగా వేయించి చూస్తున్నాను. కంపెనీ దాన్ని నా సొంత పిచ్చి అనుకుంటుంది. అనుకోనివ్వండి.

అంబలి బాగుంది కదూ. ఈ చోళ్లు విజయనగరం పరిశోధన స్థానం రకమేమో అడిగాను. బడ్డీ ఆవిడకి పేరు తెలీదు. "కొండోళ్లు తెచ్చినారు" అంది.

చీడికాడ దాటాక గాలి మారుతుంది. కోనాం జలాశయం వైపు కొండలు నీలంగా దగ్గరకొస్తాయి. పెద్దాయన ఇంటి ముందు అరుగు మీద మమ్మల్ని చూడగానే అడిగిన మొదటి మాట, "నా మూట ఏటంది?"

"రేపు చెప్తుంది తాతా. ఇవాళ నాలుగో రోజు."

లోపలికి రండి. మూలగా గరిసె ఉంది, పేడతో అలికినది, ఇప్పుడు ఖాళీ. దాని పక్కన యూరియా ప్లాస్టిక్ సంచిలో విత్తన వడ్లు. చెయ్యి పెట్టి చూశాను. పైన పొడిగా ఉన్నాయి, మణికట్టు దాకా దించితే కాస్త వెచ్చగా, మెత్తగా తగిలింది.

"గరిసె ఎందుకు వదిలేశారు?"

ఆయన చాలాసేపు గరిసె కేసే చూశాడు. "ఇత్తనం పని మీ మామ్మది. నానెప్పుడూ సెయ్యి పెట్టనేదు. కల్లంలో ముందే మంచి పనలు ఏరీసేది. మూడెండలు ఎండేసేది. మధ్యాన్నం ఎండ తగలనిచ్చేది కాదు. పంటి కింద గింజ ఏసుకుని కొరికేది. కటుక్కుమంతే ఎండినట్టు. మెత్తగుంటే మళ్లీ ఎండేసేది. ఎండిన ఏపాకు ఏసి, గరిసె మూతికి మట్టి మెత్తేది." ఆగాడు. "రెండేళ్లైంది. నానూ కొరికి సూసినాను. నాకు పళ్లు నేవు కదా, ఏటి తెలుత్తాది."

విత్తన వడ్లలో తేమ 13 శాతం మించకూడదని మా సంచుల మీద లెక్క ఉంటుంది. దాన్ని కొలవడానికి మాకు మీటరుంది. ఆవిడకి పన్నుంది. మూడెకరాలకి మూడు సంచులు ఇక్కడే ఇచ్చేసి వెళ్లమని చీడికాడలో మమ్మల్ని కలిసిన మా ఫీల్డు కుర్రాడు అప్పట్నుంచీ నా చెవిలో చెప్తూనే ఉన్నాడు. తాత కూడా అదే అడిగాడు: "పోనీ నీ సంచులే ఇచ్చెయ్యరాదా? ఈ పాలి డబ్బులు మా ఓడు పంపిత్తానన్నాడు."

"రేపటిదాకా ఆగు తాతా. నీ గింజ బాగుంటే సంచి డబ్బు మిగులుతుంది."

వడ్లు మాత్రం అప్పుడే చాప మీద పోయించి, నీడపట్టున గాలికి ఆరబోయించాను. ఆకుమడికి నానేసేటప్పుడు కిలో విత్తనానికి లీటరు నీళ్లు, లీటరుకి గ్రాము చొప్పున కార్బెండజిమ్ వేసి ఇరవై నాలుగ్గంటలు ఉంచి, తర్వాత మండె కట్టమని రాసిచ్చాను. ఆయన చదవలేడు. మనవరాలు ఎనిమిదో తరగతి, గట్టిగా చదివి వినిపించింది.

తిరిగి చోడవరం వచ్చేసరికి చీకటి. షావుకారు గల్లా లెక్కలు. ఎన్ని సంచులు పోయాయి, ఎన్ని అప్పు, ఎన్ని వెనక్కి వస్తాయి. తొమ్మిదింటికి పై వాళ్ల ఫోను, రీజనల్ మేనేజర్లం అందరం ఒకేసారి లైనులో. నిన్నటికంటే నా అంకె తక్కువ. కారణం అడిగితే చెరువులు నిండలేదన్నాను. బుచ్చెయ్యపేట కుర్రాడి మెసేజి అప్పుడే వచ్చింది. రెండు చేలు చూశాడట. బాగున్నాయట. "రేపు గొర్రు తిప్పుతాం సార్" అని, దాని కింద ఇంకో మాట, "నాన్న కంకులు కూడా ఒక సాలు వేస్తాడంట, చూడ్డానికి." వెయ్యనీ. చూడ్డమే మంచిది.

రాత్రి రెండుసార్లు లేచి మూట మీద నీళ్లు చిలకరించాను.

నాలుగున్నర. ఇవాళ దీపం ముందే వేశాను. మూట విప్పగానే పచ్చి వాసనే వచ్చింది, దాని వెనక సన్నగా కుడితి వాసన కూడా. పేపరు మీద పరిచి పదేసి జరిపాను. పది, ఇరవై, ముప్ఫై. యాభై దాకా చకచకా వచ్చాయి. తర్వాత వేలు ఆగి ఆగి కదిలింది. వేరొచ్చి మొలక రానివి ఏడు. నల్లబడి అసలు కదలనివి పంతొమ్మిది. మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాను.

అయిదింటికి తాతకి ఫోన్ చేశాను. ఒక్క రింగుకే ఎత్తాడు.

"డెబ్బై నాలుగు తాతా."

"నూటికా?"

"నూటికి. ఎనభై ఉండాలి."

అవతల కోడి కూస్తోంది. మనవరాలు నీళ్లు తోడుతున్న చప్పుడు. ఆయన లెక్క కట్టుకుంటున్నాడని ఊపిరి బట్టే తెలుస్తోంది.

"సంచులు మధ్యాహ్నానికి పంపిస్తాను. చెప్పండి."

"ఉండు." మళ్లీ కాసేపు. "నూటికి ఆరే కదా తక్కువ. ఎకరానికి ఇంకో కుంచం ఎక్కువ జల్లుతాను. ఆకు సరిపోపోతే అప్పుడు సూద్దారి." గొంతు సవరించుకున్నాడు. "ఇక్కడ ఓన పట్టింది బాబూ. పెట్టీనా? ఎడ్లు కట్టాలి."